ఆరు చుక్కల గొయ్యి

మా నాన్న బతికుండగానే నేను మీసం పందెం కాశాను. ఇందులో తప్పేమిటో మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మా వాళ్ళలో తండ్రి పోయినప్పుడే కొడుకు మీసం తీయించుకుంటాడు. తండ్రి ఉండగా ఎవరైనా నున్నటి మూతితో వీధిలోకి వస్తే, ఎదురొచ్చినవాళ్ళు ముందు రెండు చేతులూ పట్టుకుని, "ఎప్పుడు జరిగిందండీ?" అని అడుగుతారు. తర్వాతే మాట్లాడనిస్తారు.

పందెం ఒక గొయ్యి మీద. అది నేలలో ఉన్న గొయ్యి కాదు, కంప్యూటర్లో నేను తయారుచేస్తున్న ఆటలోది. దాని వెడల్పు ఆరు. ఆరు ఏమిటన్న దగ్గరే వచ్చింది గొడవంతా.

అప్పట్లో నేను బందరులో, గిలకలదిండి రేవుకి వెళ్ళే దారిలో ఉన్న ఒక ఐసు ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవాణ్ణి. ఎన్ని దిమ్మలు తయారయ్యాయి, ఎన్ని బోట్లకెళ్ళాయి, ఎన్ని కరిగాయి. కరిగే సరుకుని లెక్కపెట్టేవాడు కంటితో చూసినదాన్ని నమ్మడు, కాగితం మీద రాసినదాన్నే నమ్ముతాడు. నేనూ అంతే. పదో తరగతి తర్వాత నాకు లెక్కలు ఎవరూ చెప్పలేదు, పుస్తకాలు తెచ్చుకుని నేనే నేర్చుకున్నాను. మాస్టారు లేకుండా నేర్చుకోవడంలో ఒక సుఖం ఉంది. తప్పు చేశావని చెప్పేవాడుండడు.

ఈ ఆట పిచ్చి నాకు అత్తారింట్లో పట్టింది. తొంభైల్లో పెళ్ళయిన కొత్తలో గుడివాడ వెళ్తే, కొత్త అల్లుడికి కాలక్షేపం కావాలని పక్కింటి వాళ్ళ దగ్గర టీవీకి తగిలించే వీడియో గేమ్ పెట్టె అడిగి తెచ్చారు. నేనూ మా వదినా పోటీపడ్డాం. వదినంటే మా ఆవిడకి అక్క. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. మూడు రోజుల్లో నేను ఒక్క ఆట కూడా గెలవలేదు. "కొత్త అల్లుడు కదా, గెలిపించొచ్చుగా" అని మా అత్తగారంటే, "అల్లుడికి కోడిని కోశాం కదమ్మా, అది చాలు" అంది మా వదిన.

ఆ మాట నేను పదేళ్ళు మోశాను. రెండువేలు దాటాక మా ఫ్యాక్టరీ యజమాని కొత్త కంప్యూటర్ కొనుక్కుని, పాతది నాకిచ్చాడు. దాంతో ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. అప్పటికి కొత్త ఆటలన్నీ నిజం మనుషుల్లా, నిజం ఊళ్ళలా వస్తున్నాయి. నాకవి వద్దు. ఆ పాత పెట్టెలో ఆటలాంటిది కావాలి. పక్కనుంచి కనిపించే బల్లపరుపు బొమ్మ, పదహారు రంగులు, కుడివైపు నడవడం, దూకడం, అంతే. పంచె ఎగ్గట్టిన రైతు ఒకడు గుడ్లవల్లేరు వరి గట్ల మీద బయల్దేరి, బంటుమిల్లి రొయ్యల చెరువులు దాటి, దివిసీమ మడ అడవుల్లోంచి సముద్రం దాకా వెళ్ళాలి. దారిలో తాటిముంజలు ఏరుకోవాలి. పీతల్నీ, నీరుకట్టె పాముల్నీ తప్పించుకోవాలి. గట్టుకీ గట్టుకీ మధ్య గొయ్యి వస్తే దూకాలి. ఈ ఆటలో మా వదినని ఓడించాలి. నా ఆశయం అంతవరకే.

దూకే వాణ్ణి తయారుచేయడం నాకు కష్టం కాలేదు. దూకించే దారులు గీయడం దగ్గరే చేతులెత్తేశాను. నేను గీసిన దారులు ఫ్యాక్టరీ రిజిస్టర్లా ఉండేవి. గట్టు, గొయ్యి, గట్టు, గొయ్యి. మా ఆవిడ రెండు నిమిషాలు ఆడి, "నిద్రొస్తోందండీ" అంది. "మా అక్కనడగండి. రోజుకో కొత్త ముగ్గు వేస్తుంది, దానికి దారులు గీయడం ఒక లెక్కా?"

శత్రువుని సాయం అడగడం అవమానమే. అయినా ఫోన్ చేశాను. మా వదిన ఒక్క ప్రశ్న అడిగింది. "ఎన్ని చుక్కలు మరిదిగారూ?"

గుడివాడ నుంచి మొదటి కాగితం పోస్టులో వచ్చింది. గళ్ళ కాగితం. పైన ఒక మూల "పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేవరకు, సందు చుక్క" అని రాసి ఉంది. ముగ్గులు వేసేవాళ్ళకి అర్థమయ్యే భాష. మొదటి వరసలో పదిహేను చుక్కలు, తర్వాత వరసలో రెండేసి చుక్కల సందులో ఒక్కొక్కటి, అలా ఎనిమిది వరకు తగ్గుతూ రావడం. దారి ఎంతో అందంగా ఉంది. కంప్యూటర్లోకి ఎక్కించి మా వాణ్ణి వదిలాను. వాడు ఎక్కాడు, దిగాడు, మెలికలు తిరిగాడు, బయల్దేరిన చోటికే వచ్చాడు. మళ్ళీ ఎక్కాడు, దిగాడు. బయటికి దారి లేదు.

ఫోన్ చేసి అడిగితే మా వదిన ఆశ్చర్యపోయింది. "బయటికెందుకు వెళ్తాడు? గీత మొదలుపెట్టిన చోట కలవకపోతే అది ముగ్గెలా అవుతుంది?"

"వదినా, వాడు సముద్రానికి వెళ్ళాలి."

"ఆ మాట ముందు చెప్పాలి. నేను ఇంటిముందనుకున్నాను."

ఆమె చుక్కలు పెట్టేది గీతలు కలిసే చోట. నేను చూసేది గళ్ళ లోపల. కాగితాలు అటూ ఇటూ తిరిగి, ఫోన్లో మాటలూ అయ్యాక, ఇలా లాభం లేదని దారులు గీసుకోవడానికి విడిగా ఒక ప్రోగ్రాం రాశాను. అచ్చం వదిన కోసమే రాశాను. తెరనిండా చుక్కలుంటాయి. మౌసుతో ఒక చుక్క మీద నొక్కి, ఇంకో చుక్క దాకా లాగి వదిలితే గట్టు పడుతుంది. మీట మార్చి లాగితే గొయ్యి పడుతుంది. కావాలంటే సందు చుక్కలు పెట్టుకోవచ్చు. ఎంత లాగారో కింద ఒక పట్టీలో కనిపిస్తుంది, 'చుక్కలు: నాలుగు', 'చుక్కలు: ఐదు' అని. ఆ పట్టీ చూసుకుని నేనే మురిసిపోయాను. తెలుగు అక్షరాలు బొమ్మలుగా గీయడానికే నాకు ఒక వారం పట్టింది.

వదిన వాళ్ళింట్లో కంప్యూటర్ లేదు. అందుకని ఆవిడే నెలకోసారి గుడివాడలో రైలెక్కి బందరు వచ్చేది. మా ఇంట్లో మూడు రోజులుండి, మా ఆవిడ చేత వంట చేయించుకుంటూ దారులు గీసేది. అలా పద్దెనిమిది దారులయ్యాయి. ఒక్కొక్కటీ ఒక్కో కొంటెపని. ముంజ కనిపించిన ప్రతిచోటా వెనకాల పీత ఉంటుంది. పీత లేని చోట ముంజ ఉత్తుత్తిదే.

పందొమ్మిదో దారి గీసే రోజున, మధ్యాహ్నం భోజనాలయ్యాక, మా వదిన విసుక్కుంది. "ఏంటి మరిదిగారూ, మీ వాడు ఐదుకి మించి దూకడా? అన్నీ నాలుగూ ఐదూ గోతులే. ఆరు పెడతాను."

"పెట్టకండి. ఆరు దూకలేడు."

"దూకి చూశారా?"

"దూకి చూడటం ఎందుకు? లెక్కుంది." కాగితం తీసి చూపించాను. కంప్యూటర్ గడియారం లెక్కలో వాడు గాలిలో ఉండేది ఇరవై ఎనిమిది టిక్కులు. టిక్కుకి మూడు పిక్సెళ్ళు ముందుకెళ్తాడు. మొత్తం ఎనభై నాలుగు. గట్టు కట్టేది గడికొక ఇటుకతో, ఒక ఇటుక వెడల్పు పదహారు పిక్సెళ్ళు. భాగిస్తే ఐదుంబావు. "ఐదుంబావు దూకేవాడు ఆరెలా దూకుతాడు?"

మా వదిన కాగితం వంక చూడను కూడా చూడలేదు. "దూకుతాడు."

"దూకడు."

"దూకితే?"

నేను లెక్కలో ఉన్నాను. లెక్కలో ఉన్నప్పుడు నాకు ధైర్యం ఎక్కువ. "దూకితే మీసం తీయించేస్తాను."

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది. వసారాలో పడక్కుర్చీలో పేపరు చదువుతున్న మా నాన్న, పేపరు దించకుండానే అన్నాడు. "ఒరేయ్, నేనింకా ఇక్కడే ఉన్నానురా!"

"దూకలేడు నాన్నా. భయపడకు."

"నీ లెక్కల మీద నా ప్రాణం పెట్టకు."

మా వదిన అప్పటికే మౌసు పట్టుకుంది. ఒక చుక్క నొక్కి, లాగి, వదిలింది. కింద పట్టీలో పడింది. 'చుక్కలు: ఆరు'.

"చూశారుగా, ఆరే. తర్వాత మాట మార్చొద్దు."

"చూశాను. ఆరే."

గడువు ఆవిడ రైలు దాకా, అంటే ఎల్లుండి మధ్యాహ్నం వరకు.

ఆ రోజు వదిన అరవై ఒక్కసార్లు గోతిలో పడింది. నేను పక్కన కూర్చుని, పడ్డ ప్రతిసారికీ ఒక్కో గీత గీస్తూ వచ్చాను. ఐదో గీత అడ్డంగా. మర్నాడు ఫ్యాక్టరీకి వెళ్తూ ఆ పని మా ఆవిడకి అప్పజెప్పాను. సాయంత్రానికి ఇంకో ఎనభై నాలుగు. ప్రతిసారీ మా వాడు అవతలి గట్టు అంచుకి ముక్కు తగిలించి, జారి, బుడుంగుమని మునిగేవాడు. ఆ బుడుంగు శబ్దం నేనే చేశాను, బిందెలో ఇటుకరాయి వేసి. ఇంత తీయటి శబ్దం ఇంకోటి లేదనిపించింది.

మా నాన్న మాత్రం కుదురుగా లేడు. వదిన కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడల్లా ఏదో వంకతో వచ్చేవాడు. "అమ్మాయ్, బందరు హల్వా తెప్పించాను. లేచి తిను." వేళ్ళకి నెయ్యి అంటితే మీటలు జారతాయని ఆయన ఆలోచన. మా వదిన ఎడంచేత్తో హల్వా తింటూ కుడిచేత్తో దూకింది. "అమ్మాయ్, మీ ఇంటి దగ్గర్నుంచి ఫోన్ రాలేదా? ఓసారి చెయ్యరాదూ?" ఇంకోసారి ఆయన మెయిన్ స్విచ్ దగ్గర తచ్చాడుతూ దొరికిపోయాడు.

"ఏంటి మావయ్యగారూ?"

"ఏం లేదమ్మా, ఫ్యూజు చూస్తున్నాను."

"ఫ్యూజు బాగానే ఉంది. మీరూ బాగానే ఉన్నారు. వెళ్ళి కూర్చోండి."

మూడో రోజు పొద్దున్నే మా వదిన పద్ధతి మార్చింది. అప్పటిదాకా మా వాడి వంక చూస్తూ దూకించేది. ఇప్పుడు వాణ్ణి వదిలేసి, గట్టు చివర వంకే చూడటం మొదలుపెట్టింది. వాడి మడమ గట్టు మీద, వేళ్ళు గాలిలో ఉన్నప్పుడు మీట నొక్కుతోంది. పదహారుసార్లు పడింది. నేను ఫ్యాక్టరీకి వెళ్ళడానికి చొక్కా వేసుకుంటూ, గుండీ పెట్టుకుంటూ, పదిహేడో బుడుంగు కోసం చూస్తున్నాను. శబ్దం రాలేదు.

తిరిగి చూస్తే మా వాడు అవతలి గట్టు మీద నిలబడి ఉన్నాడు. ముంజ పక్కన. మా వదిన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని నా మూతి వంక చూస్తోంది.

"ఏదో తేడా ఉంది" అన్నాను.

"ఉంది. మీ మూతి మీద ఇంకా మీసం ఉంది."

చొక్కా సగం గుండీలతోనే కూర్చున్నాను. దూకుడు లెక్క మళ్ళీ చేశాను. ఐదుంబావు. మళ్ళీ చేశాను. ఐదుంబావే. చివరికి మా ఆవిడ కుట్టు టేపు తీసుకుని తెర మీదే కొలిచాను. ఒక ఇటుక కొలిచి, గొయ్యి కొలిచి, భాగించాను. ఐదు వచ్చింది. సరిగ్గా ఐదు ఇటుకలు. మా వాడికి ఇంకా పావు ఇటుక మిగులుతోంది. మూడు రోజులుగా ఆవిడ ప్రాణం పెట్టింది ఆ పావు ఇటుక మీదే, అంటే నాలుగు పిక్సెళ్ళ మీద.

సంతోషంతో అరిచాను. "ఐదే! ఇది ఆరు కాదు వదినా, ఐదే! పందెం చెల్లదు!"

"కింద ఏం రాసుంది?"

"ఆరు."

"రాసిందెవరు?"

"…నేనే."

"మరి?"

నా ప్రోగ్రాం తీసి చదివాను. నొక్కిన చుక్కనీ, వదిలిన చుక్కనీ, రెంటినీ కలిపి లెక్కపెడుతోంది. అలా పెట్టమని నేనే రాశాను. చుక్కలు లెక్కపెట్టేటప్పుడు చివరి చుక్క వదిలేస్తే ముగ్గు తెలిసినవాళ్ళు నవ్వుతారని. తర్వాత ఆ అంకెని ఇటుకల అంకె అనుకుని నేనే చదువుకుంటూ వచ్చాను. పద్దెనిమిది దారుల్లో నేను ఐదనుకున్న గొయ్యి ప్రతిదీ నాలుగే.

మా వదిన కుడిచెయ్యి ఎత్తి, ఐదు వేళ్ళూ చాపి నా ముఖం ముందు పెట్టింది. "వేళ్ళెన్ని?"

"ఐదు."

"సందులెన్ని?"

వేళ్ళ మధ్య ఖాళీలు లెక్కపెట్టాను, నాలుగు.

"ముగ్గు నేర్చుకునే ఆరేళ్ళ పిల్లకి మొదటి రోజు చెప్పే పాఠం మరిదిగారూ. చుక్కలు ఆరైతే సందులు ఐదు. మీ వాడు దూకేది చుక్కల మీంచి కాదు, సందు మీంచి. ఈ మాట మీకు తెలుసనుకుని మూడు రోజులుగా భయపడి చస్తున్నాను, ఇంత ధైర్యంగా పందెం కాశారంటే ఇంకేం మడత ఉందోనని."

వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ అంది. "అందుకేనా, కిందటేడు మన పందిరికి మీరు రాసిచ్చిన రాటల్లో వరసకొకటి తక్కువొచ్చింది? పందిళ్ళవాడు దొంగన్నారు గదండీ!"

పందిళ్ళవాణ్ణి నేను నిజంగానే దొంగన్నాను. అతనికి ఇంకా క్షమాపణ చెప్పలేదు.

ఇక మీసం సంగతి. మా నాన్న పేపరు మడిచి లోపలికొచ్చాడు. ఆయన ముఖంలో కోపం లేదు, అది చూసే నాకు భయమేసింది. "అమ్మాయ్, నాకు పట్టింపులేం లేవు. కానీ వీడు నున్నటి మూతితో రేవు దారిలో వెళ్తే సాయంత్రానికి మన వీధంతా మన గుమ్మంలో ఉంటుంది. వచ్చినవాళ్ళకి నేనే మంచినీళ్ళివ్వాలి. బాగుంటుందా చెప్పు?"

"అక్కా, వద్దే" అంది మా ఆవిడ.

"పందెం పందెమే" అన్నాను నేను. అది గొప్పకి కాదు. లెక్క తప్పినవాడు కనీసం మాటైనా తప్పకూడదు. పైగా మా వదిన ఈ కథ గుడివాడలో ఎలా చెబుతుందో నాకు తెలుసు. మాట తప్పానని చెప్పడం కన్నా మీసం పోయిందని చెప్పడమే నాకు నయం. కానీ మా నాన్న వంక చూడలేక, మిగిలిన గుండీలు పెట్టుకుంటూ కూర్చున్నాను. డెబ్భై దాటిన మనిషి, నేనింకా ఉన్నానని వచ్చిన ప్రతివాడికీ చెప్పుకోవాల్సి వస్తుంది.

మా వదిన సంచి సర్దుకుంది. తర్వాత వచ్చి, సంతలో వంకాయ చూసినట్టు నా మూతిని అటూ ఇటూ చూసింది.

"మరిదిగారూ, నేను ఎంత తేడాతో గెలిచాను?"

"ఒక్క ఇటుక తేడాతో."

"ఇటుక కాదు. చుక్కలకీ సందులకీ తేడా ఎంత?"

"ఒకటి."

"ఇవిగో, మీ మీసం ఇటొక చుక్క, అటొక చుక్క. మధ్యలో ఎన్ని సందులు?"

"ఒకటి" అన్నాడు మా నాన్న, నాకన్నా ముందు.

"ఆ ఒక్క సందూ తీయించండి. చుక్కలు రెండూ మావయ్యగారికి ఉంచండి."

మా నాన్న ఆవిడకి దణ్ణం పెట్టినంత పని చేశాడు. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తింది. ఆ తీర్పులో దయ ఎంతో, పగ ఎంతో లెక్కకట్టడానికి నాకు అప్పుడు తీరిక లేదు. రైలు టైమవుతోంది, చూడకుండా వెళ్ళనని ఆవిడ పంతం.

మంగలి షాపులో కూర్చుని, ముక్కు కింద వేలు పెట్టి చూపించాను. "ఇదిగో, ఈ వేలెడు వెడల్పు. అటూ ఇటూ ముట్టుకోవద్దు."

అతను కత్తి పట్టుకుని అద్దంలో నన్ను చూశాడు. "నాటకమాండీ?"

"కాదు."

"మరి మొక్కా?"

"చుక్కలు" అన్నాను. అతను ఇంకేం అడగలేదు. పిచ్చివాళ్ళతో కత్తి చేతిలో ఉండగా మాట్లాడకూడదని ఆ వృత్తిలో ఒక నియమం ఉన్నట్టుంది.

ఇంటికొచ్చేసరికి అందరూ వసారాలోనే ఉన్నారు. ముందు మా నాన్నే నవ్వడం మొదలుపెట్టాడు. పడక్కుర్చీ కిర్రుకిర్రుమనేలా, దగ్గొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. మా వదిన దగ్గరికొచ్చి కొలత చూసి, "సరిగ్గా మధ్యలో తీశాడు, మంచి పనివాడు" అని రైలుకి వెళ్ళిపోయింది.

మర్నాడు ప్రోగ్రాం దిద్దాను. పట్టీలో ఇప్పుడు రెండంకెలు పడతాయి, 'చుక్కలు: ఆరు, సందులు: ఐదు' అని. గోతులు మాత్రం మార్చలేదు. అవి ఆవిడ గీసినవి, ఆవిడ గీసినట్టే బాగున్నాయి. అది అయ్యాక, ఇంక తప్పదని ఫ్యాక్టరీకి వెళ్ళాను.

దిమ్మలు ఎత్తించుకోవడానికి రేవు నుంచి వచ్చిన బోటు ఆసామి ఒకాయన నన్ను చూసి ఆగిపోయాడు. మీసం ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. ఏమనాలో తెలియక, తలమీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని, గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"నాన్నగారికి సీరియస్సాండీ?"